రెండో చానెల్‌లో అక్కయ్య

ఆ ల్యాబ్‌లో నాలుగో నంబరు మిషన్ దగ్గర రాత్రిపూట ఒంటరిగా కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరు. పగలు అడిగి చూడండి — అందరూ సైన్సు చదువుకున్నవాళ్ళే, దెయ్యాలూ గియ్యాలూ ఏంటండీ అని నవ్వుతారు. రాత్రి డ్యూటీ చార్టులో నాలుగో నంబరు ఎదురుగా పేరు పడిందా, ఆ రోజే ఒకరికి కడుపునొప్పి వస్తుంది, ఇంకొకరికి పిల్లాడి జ్వరం, మరొకరింటికి చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగుతారు.

దానికి ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. లోపలికి ఏమీ ఎక్కించకపోయినా... అది చూపిస్తుంది.

ఈ సంగతి నాకు మా బామ్మర్ది చెప్పాడు. ఆ రాత్రి నేను అక్కడ లేను. వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. మధ్యలో నా నోటిదురద కాస్త కలిస్తే సర్దుకోండి, బామ్మర్ది మీద బావకి ఆమాత్రం హక్కుంటుంది.

మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. బల్లి కనబడితే మంచమెక్కే రకం. ఎవరైనా గొంతు పెంచితే ముందు సారీ చెప్పేసి, తర్వాత విషయమేంటని అడుగుతాడు. నాదీ ఆ మిషన్లకి సంబంధించిన పనే — అవి మొరాయిస్తే వెళ్ళి బాగుచేసే కంపెనీలో తిరుగుడు ఉద్యోగం. కాబట్టి మిషన్‌లో దెయ్యం అని వాడు మొదటిసారి అన్నప్పుడు నేను అన్నం ముందు కూర్చుని పొలమారేదాకా నవ్వాను.

ఆ మిషన్ చేసే పనేంటో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే దెయ్యం ఎక్కడుందో మీకు తెలీదు. టాబ్లెట్‌ని నూరి, ద్రవంలో కరిగించి, వేలెడంత సీసాలో పోసి పెడితే మిషన్ సూదితో ఒక్క చుక్క పీల్చుకుంటుంది. ఆ చుక్క ఒక ఉక్కు గొట్టంలోంచి దూరి వచ్చేసరికి అందులోని సరుకంతా విడిపోయి, ఒకదాని వెనక ఒకటి బయటికొస్తుంది. చివర్లో డిటెక్టర్ అని ఉంటుంది, లోపలున్న దీపం వెలుగులో చూసే కన్ను అది. దాని ముందునుంచి మందు వెళ్తే కంప్యూటర్‌లో నడిచే గీత కొండలా లేచి దిగుతుంది. దాన్నే పీక్ అంటారు. మందు లేకపోతే గీత చదునుగా పోతుంది.

ఆ కన్ను చూసింది కంప్యూటర్‌కి చేరడానికి రెండు దారులున్నాయి. కొత్త డిటెక్టర్లు డిజిటల్. ఒక లావుపాటి కేబుల్, అందులో అంకెలే వెళ్తాయి. ఫలానా డిటెక్టర్‌ని నేను, నా నంబరు ఇదీ అని పరిచయం చేసుకుని మరీ పంపుతాయి. పాతవి అనలాగ్. వెనక రెండు మరలు, వాటికి ఎర్ర తీగ ఒకటి, నల్ల తీగ ఒకటి. ఆ తీగల్లో వచ్చేది వట్టి వోల్టేజి. మధ్యలో ఒక చిన్న పెట్టె దాన్ని అంకెలుగా మార్చి సాఫ్ట్‌వేర్‌కి అందిస్తుంది. వోల్టేజికి పేరూ ఊరూ ఉండదు. ఎవరు పంపారని సాఫ్ట్‌వేర్ అడగదు. వచ్చిందా... గీస్తుంది.

నాలుగో నంబరుకి ఇప్పుడున్నది కొత్త డిటెక్టర్. సాఫ్ట్‌వేర్‌లో మొదటి చానెల్ దానిది. రెండో చానెల్ పాత పెట్టెది. పాత డిటెక్టర్‌ని మోసుకెళ్ళి ఏడు నెలలైంది కాబట్టి రెండో చానెల్ ఖాళీ అనే అందరి లెక్క. అయినా సాఫ్ట్‌వేర్‌లో దాని ఎదురుగా ఉన్న టిక్ ఎవరూ తీయలేదు. ఆ ల్యాబ్‌లో ఒక టిక్ తీయాలంటే నాలుగు సంతకాలు కావాలి. దానికన్నా దెయ్యంతో కాపురం చేయడమే తేలిక.

ఇక దెయ్యం సంగతి. రాత్రి నాలుగో నంబరులో వట్టి ద్రవం తిరుగుతూ ఉంటుంది. మొదటి చానెల్‌లో గీత చదునుగా పోతూ ఉంటుంది. ఉన్నట్టుండి కింద, ఖాళీ చానెల్‌లో... మెల్లగా లేస్తుంది. ముందు ఒక చిన్న కొండ. దాని భుజానికి ఆనుకుని పెద్ద కొండ. మళ్ళీ దిగిపోతుంది.

ఆ రెండు కొండల్ని ల్యాబ్‌లో అందరూ గుర్తుపడతారు. అవి అక్కయ్య పరీక్షించిన టాబ్లెట్‌వి.

అక్కయ్య ఎవరికీ సొంత అక్కయ్య కాదు, అందరికీ అక్కయ్యే. ఇరవై రెండేళ్ళు అదే గదిలో పనిచేసింది. ఆవిడ కొలిచి పోసినదాన్ని ఎవరైనా మళ్ళీ కొలిస్తే వాళ్ళ కొలతే తప్పని తేలేది. మా బామ్మర్ది చేరిన కొత్తలో వణుకుతున్న వాడి వేళ్ళు పట్టుకుని గాజుగొట్టం ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆవిడే. వాడు ఒకసారి సీసాల ట్రే మొత్తం జారవిడిస్తే, నా మోచెయ్యి తగిలిందండీ అని తన మీద వేసుకుంది. ఇది వాడు నాకు పదిసార్లు చెప్పాడు.

ఎనిమిది నెలల కిందట ఒక సాయంత్రం అక్కయ్య పన్నెండు సీసాలు తయారుచేసి నాలుగో నంబరులో పెట్టింది. మీట నొక్కింది. ఆఖరి బస్సుకి టైమైపోతోందని వెళ్ళిపోయింది. మిషన్ రాత్రంతా నడిచింది. పొద్దున్న ఆవిడ అలవాటు ప్రకారం ముందు సీసాలు పారబోసి, కడిగి ఆరబెట్టి, అప్పుడు వచ్చి కంప్యూటర్ చూసింది.

పన్నెండు గీతలు. పన్నెండూ చదును.

ల్యాబ్ ఇన్‌చార్జి చెప్పిన లెక్క ఇదీ. తీగ ఊడిపోతే గీత పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంది. ఇది బుద్ధిగా, నిమ్మళంగా ఉంది. అంటే తీగ బాగానే ఉంది, డిటెక్టర్ బాగానే ఉంది. సీసాల్లోనే మందు లేదు. శాంపిల్ తయారుచేయకుండానే చేశానని రాసి, వట్టి ద్రవం పెట్టి ఇంటికెళ్ళింది. పొద్దున్నే సీసాలు పారబోసింది కూడా అందుకే.

అక్కయ్య పెట్టానంది. వాళ్ళు పెట్టలేదన్నారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం పదకొండు రోజుల్లో పోయింది. పోతే పోయింది — దొంగ రాతలు రాసిందన్న మాట మిగిలిపోయింది. ఆ మాట మోసుకుంటూ వెళ్తే ఇంకే ల్యాబ్‌లోనూ గుమ్మంలోకి రానివ్వరు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మొదలైంది ఖాళీ చానెల్‌లో కొండల గోల. నేను పెట్టానంటే నమ్మలేదుగా, ఇదిగో చూడండి — అన్నట్టు. ఈలోగా ఎవరో ఒక వార్త మోసుకొచ్చారు. అక్కయ్య పోయిందట. మనసు విరిగి మంచం పట్టి పోయిందట. నిజానికి కొండలు ముందు వచ్చాయి, చావు కబురు తర్వాత వచ్చింది. కానీ భయపడ్డవాళ్ళు తేదీలు చూడరు. ఆవిడ ఉసురు తగిలింది అనేశారు.

అందరికన్నా ఎక్కువ బెదిరింది మా బామ్మర్ది. ఎందుకో నాకు ఆ రాత్రి దాకా తెలీదు.

ఆ రాత్రి... డ్యూటీ చార్టులో వాడి పేరే పడింది. కడుపునొప్పి అంతకుముందే రెండుసార్లు వాడేశాడు. ఇంటికి చుట్టాలొచ్చారని చెబుదామంటే చుట్టాన్ని నేనే ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాను. తప్పక వెళ్ళాడు.

గది ఎలా ఉంటుందో వాడు చెప్పాడు. మధ్యలో పొడుగాటి బల్ల. బల్లకి ఇటువైపు నాలుగో నంబరు, అటువైపు ఐదో నంబరు, రెండూ వీపులు ఆనించుకుని ఉంటాయి. మధ్యలో సీసాల అలమర అడ్డం. ఇటు కూర్చుంటే అటు ఏముందో కనబడదు. సాయంత్రం షిఫ్ట్ వాళ్ళు ఐదో నంబరులో ఏవో సీసాలు పెట్టి, రాత్రంతా దానంతటది నడిచేలా చేసి వెళ్ళిపోయారు. వీడు నాలుగో నంబరుని కడగడానికి వట్టి ద్రవం పెట్టి కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. నేల మీద కాళ్ళు పెట్టే ధైర్యం లేదట.

ఏసీ మూలుగుతోంది. పంపు ఊపిరి తీసినట్టు సన్నగా చప్పుడు చేస్తోంది. మొదటి చానెల్ చదును. రెండో చానెల్ చదును...

పన్నెండు దాటింది. రెండో చానెల్ గీత చివర కొంచెం పైకి వంగింది.

వాడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. చిన్న కొండ పూర్తయింది. పెద్దది లేస్తోంది.

వాడి నోరు దానంతటదే తెరుచుకుందట. "అక్కయ్యా..." అన్నాడట గుసగుసగా. "నేనే తీశాను అక్కయ్యా."

అంతే. గీత దిగిపోయింది. గదిలో మళ్ళీ ఏసీ మూలుగే మిగిలింది.

వాడు అన్న ఆ ముక్కేంటో ఇప్పుడు చెప్పాలి. ఎనిమిది నెలల కిందట ఆ సాయంత్రం వాడు ఐదో నంబరు మీద ఉన్నాడు. దాని గీత ఊగిసలాడుతోంది. లోపం డిటెక్టర్‌లో ఉందా, కంప్యూటర్‌కి వెళ్ళే కేబుల్‌లో ఉందా అని తేల్చుకోవాలనుకున్నాడు. నాలుగో నంబరు ఇంకా ఖాళీగా ఉంది, అక్కయ్య సీసాలు నింపుకుంటోంది. వీడు బల్ల కింద దూరి, నాలుగో నంబరు పాత డిటెక్టర్ వెనకున్న ఎర్ర తీగా నల్ల తీగా విప్పి, ఐదో నంబరు వెనక, దాని కేబుల్ పక్కన ఖాళీగా ఉన్న మరలకి బిగించి చూశాడు. ఐదు నిమిషాల పని. ఇంకొకరి మిషన్ ముట్టుకుంటే లాగ్‌బుక్‌లో రాయాలి. రాయలేదు. తర్వాత తీగలు తిరిగి పెట్టానా, లేదా...

పెట్టాననే అనుకున్నాడు. పొద్దున్న పన్నెండు చదును గీతలు చూసినప్పుడు మాత్రం వాడికి అనుమానం వచ్చింది. వెళ్ళి తీగలు చూద్దామనుకున్నాడు. అప్పటికే మిషన్‌కి తాళం వేసి కాగితం అంటించేశారు. విచారణలో ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాడు. ఎవరూ అడగలేదు. వాడి ఉద్యోగం అప్పటికి ఇంకా పర్మనెంటు కాలేదు, ఇంట్లో పాపకి మూడో నెల. మిషన్‌లో ఏ లోపమూ లేదని తేలిందన్నారు. హమ్మయ్య, అయితే తీగలు పెట్టేశానన్నమాట అనుకున్నాడు. అలా అనుకుంటూనే ఎనిమిది నెలలు నిద్రపోకుండా గడిపాడు.

ఇరవై నిమిషాలకి గీత మళ్ళీ లేచింది.

ఈసారి వాడు ఇంకొంచెం చెప్పాడు. విచారణ గదిలో ఆవిడ తన వైపు చూసినప్పుడు కిటికీలోంచి బయటికి చూశానని. బస్‌స్టాపులో ఆవిడ ఒంటరిగా నిలబడితే పక్క సందులోంచి వెళ్ళిపోయానని. కొండ దిగేవరకూ చెప్పాడు.

మూడోసారి లేచేసరికి వాడి దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నోరుమూసుకుని కూర్చున్నాడు. ఏడుపు కూడా ఆగిపోయింది.

అలా నోరుమూసుకున్నాడు కాబట్టే వినబడింది.

టక్...

అలమర అవతలి నుంచి. చిన్న చప్పుడు. ఎవరో గోటితో గాజు మీద కొట్టినట్టు.

వాడు కదల్లేదు. గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. పదకొండు నిమిషాలకి రెండో చానెల్‌లో చిన్న కొండ లేచింది, దాని వెంట పెద్దది. మళ్ళీ కాసేపటికి అవతల టక్... మళ్ళీ సరిగ్గా పదకొండు నిమిషాలు... మళ్ళీ కొండ.

వాడికి ఆ చప్పుడు తెలుసు. రోజూ వినేదే. సీసాలోంచి చుక్క పీల్చుకుని గొట్టంలోకి తోసేటప్పుడు మిషన్ చేసే చప్పుడు.

కాళ్ళు కింద పెట్టాడు. బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాడు. ఐదో నంబరు కంప్యూటర్ మీద గీత నడుస్తోంది. చిన్న కొండ. దాని భుజానికి ఆనుకుని పెద్ద కొండ. అక్కయ్య వెళ్ళాక ఆ టాబ్లెట్ పరీక్షని ఐదో నంబరుకి మార్చారు. అది అందరికీ తెలుసు. అటు నడిచే గీతనీ ఇటు నడిచే గీతనీ ఒకే నిమిషంలో పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఇటు కూర్చున్నవాళ్ళకి భయపడడానికే సరిపోయింది.

టార్చి తీసుకుని బల్ల కింద దూరాడు. దుమ్ము. కేబుళ్ళ చిక్కు. పాత పెట్టె. పెట్టెలోంచి వచ్చిన ఎర్ర తీగా నల్ల తీగా... ఐదో నంబరు వీపు మీద ఉన్నాయి. వాడు బిగించిన చోటే. బిగించినట్టే.

ఎనిమిది నెలలుగా.

అక్కయ్య మిషన్ ఆ రాత్రి ఆవిడ మందుని బాగానే చూసింది. చూసింది చెప్పడానికే దానికి తీగ లేదు. సాఫ్ట్‌వేర్ గీసింది పక్క మిషన్ కథ — దీపం ఆర్పేసి పడుకున్న ఐదో నంబరు కథ. అందుకే గీతలు అంత నిమ్మళంగా ఉన్నాయి.

మూడు గంటలప్పుడు నా ఫోన్ మోగింది. మా ఆవిడ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"బావా," అన్నాడు. గొంతు గుర్తుపట్టలేకపోయాను. "దెయ్యం కాదు బావా. నేనే."

అంతా చెప్పాడు. బల్ల కిందనుంచే మాట్లాడుతున్నాడు, మాటకి మాటకి మధ్య పంపు చప్పుడు వినబడుతోంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉందన్నాడు. రెండు తిప్పులు తిప్పితే తీగలు ఊడొస్తాయి. రేపటినుంచి కొండలు ఉండవు, దెయ్యం ఉండదు, వాడు ముట్టుకున్నాడనడానికి ఆనవాలూ ఉండదు.

"తీసెయ్యనా బావా?"

నేను చెప్పిన మాట మా ఆవిడకి వినబడకుండా పక్క గదిలోకి వెళ్ళి మరీ చెప్పాను. "తీసెయ్. తీసేసి తిన్నగా ఇంటికి రా."

పాప మొహం చూసుకో, పోయినావిడ తిరిగి రాదుగా, ఇప్పుడు నువ్వు రోడ్డున పడి ఎవరికి లాభం అని ఇంకా ఏవేవో అన్నాను. పెద్దవాణ్ణి కదా, పెద్దరికం మాటలు నోట్లో సిద్ధంగానే ఉంటాయి. సరే బావా అని పెట్టేశాడు.

తెల్లారి ఎనిమిదింటికి మా ఇంటికొచ్చాడు. బట్టలనిండా దుమ్ము. తీగలు తియ్యలేదు. వాటి ఫొటోలు తీశాడు. లాగ్‌బుక్‌లో ఎనిమిది నెలల కిందటి తేదీ ప్రస్తావిస్తూ తన చేత్తో మొత్తం రాసి సంతకం పెట్టాడు. అప్పుడు ఇన్‌చార్జిని నిద్రలేపాడు. ఇన్‌చార్జి వచ్చి పాత గీతలు మళ్ళీ తెరిపించాడు. అక్కయ్య మొదటి గీతలో ఆరో నిమిషం దగ్గర గీత ఉన్నట్టుండి మారిన చిన్న మెట్టు ఉంది, అప్పట్లో దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఐదో నంబరు దీపం ఆర్పినట్టు ఆ రోజు వీడు లాగ్‌బుక్‌లో రాసిన సమయం కూడా సరిగ్గా అదే. ఇక వాదనకేమీ మిగల్లేదు.

బల్లిని చూసి మంచమెక్కేవాడు, నేను చేయొద్దన్న పని చేసి వచ్చాడు. ఆ రోజు వాడి మొహంలోకి నేను చూడలేకపోయాను. వాడు అది కోపమనుకున్నాడు.

ఇన్‌చార్జి వాడికి ఇంకో సంగతి కూడా చెప్పాడు. పోయింది అక్కయ్య కాదట. అక్కయ్య అత్తగారట. కబురు నోటా నోటా మారి ల్యాబ్‌కి చేరేసరికి కోడలు పోయిందని అయింది.

మా ఆవిడ లేచి వాడికి ఉతికిన చొక్కా ఇచ్చి, నా వైపు తిరిగి, "మీరూ వెళ్ళండి. వాడొక్కడే ఆ గుమ్మం ఎక్కలేడు," అంది. నాకు పనుందన్నాను. వినలేదు.

రెండో అంతస్తులో చిన్న వాటా. తలుపు తీసింది ఆవిడే. దెయ్యం అనుకుని ఇన్నాళ్ళూ వణికిన మనిషి తడిచేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడేసరికి మా వాడు గోడ పట్టుకున్నాడు.

"ఏరా, చిక్కిపోయావేంటి," అంది ఆవిడ.

కూర్చోబెట్టింది. మా బావ, ఇలాంటి మిషన్లు బాగుచేసే పని అని మా వాడు నన్ను పరిచయం చేశాడు. టీ పెట్టడానికి లేచింది. వంటింటి గుమ్మంలోంచి నాకు కనబడుతూనే ఉంది. చెంచాతో టీపొడి తీసింది, మళ్ళీ డబ్బాలో పోసేసింది, మళ్ళీ తీసింది. పొయ్యి ఆర్పి, మీట తిప్పి చూసి, రెండడుగులు వేసి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది.

మా వాడు టీ ముట్టుకోలేదు. నేల చూస్తూ మొదలుపెట్టి ఆగకుండా చెప్పేశాడు. తీగల సంగతి, లాగ్‌బుక్ సంగతి, కిటికీలోంచి బయటికి చూసిన సంగతి, పక్క సందు సంగతి. వాడు చెప్పడం అయ్యాక ఆవిడ చాలాసేపు తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అయితే నేను పోశాను," అంది. "పన్నెండూ పోశాను."

"పోశావు అక్కయ్యా."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. వాడి తల మీద చెయ్యి వేసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు, వాడి కోసం కాదు.

"భయపడ్డావు. ఇంట్లో చంటిపిల్ల," అంది. "నీ మీద నాకు అంత కోపం లేదురా. వాళ్ళు దొంగ అన్నా పడ్డాను. కానీ ఒక కాగితం చూపించారు చూడు... అది నన్ను చంపేసింది."

ఏం కాగితమని వాడు అడిగాడు. అది చూపించిన వారం వాడు రాత్రి షిఫ్ట్‌లో ఉన్నాడు, దాని గురించి తెలీదు.

"వెనక తీగలు ఎవరైనా చూశారా అని అడిగాను. నేను అడిగింది అదొక్కటే. మిషన్ కంపెనీ నుంచి ఎవరో ఇంజనీరు వచ్చి చూశాడని కాగితం ముందు పెట్టారు. తీగల బిగింపు సరిచూశాను అన్నచోట టిక్ పెట్టి సంతకం చేశాడు. ముక్కూమొహం తెలియని మనిషి, నా మీద ఆయనకేం పగ? ఆయన అబద్ధం ఎందుకు రాస్తాడు? అయితే పొరపాటు నాదే అనుకున్నాను. నా చెయ్యే ఏదో చేసింది, నాకే గుర్తులేదు అనుకున్నాను. ఆ రోజునుంచి పొయ్యి కట్టేశానా లేదా కూడా నాకు తెలియడం లేదు."

టీ చల్లారిపోతోంది.

ఆ ల్యాబ్ నేను తిరిగేవాటిలోది కాదు. మామూలుగా వెళ్ళే ఇంజనీరు ఆ రోజు సెలవు, బదులుగా ఒక్క గంట వేరేవాణ్ణి పంపారు. మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో పని ఉంది. తాళం తీయించి, కుర్చీలో కూర్చుని, ఒక చుక్క పంపితే డిటెక్టర్ ముఖం మీదున్న చిన్న తెరలో అంకె లేచి దిగింది. బాగానే ఉంది. కంప్యూటర్ మా పని కాదు. మిషన్ వెనక చూడాలంటే బల్ల కింద దూరాలి, దుమ్ము, కొత్త చొక్కా. కాగితంలో పధ్నాలుగు గళ్ళు, పధ్నాలుగు టిక్కులు, కింద నా సంతకం. వారం తర్వాత రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ, తమ్ముడి ల్యాబ్‌లో ఎవరో అక్కయ్యని పంపేశారట పాపం అన్నప్పుడు, ఆ మిషన్ నంబరు ఎంతని నేను అడగలేదు. నాకు తెలుసు. ఆ తర్వాత వాడు దెయ్యం కథలు చెప్పిన ప్రతిసారీ అందరికన్నా గట్టిగా నవ్వాను. ఆ రాత్రి మూడింటికి తీసెయ్ అన్నది కూడా పాప మొహం చూసి కాదు.

అక్కయ్య నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో, నిజంగా తెలుసుకుందామనే అడుగుతోంది.

"మీదీ ఇదే పని అన్నాడుగా మా వాడు. ఎప్పుడైనా ఆయన కనబడితే ఒక్క మాట అడిగిపెట్టండి. ఆ రోజు ఆయన నిజంగా చూశాడా?"

మా బామ్మర్ది తలెత్తలేదు. నేను చేతిలో గ్లాసు కింద పెట్టాను.

"చూడలేదండీ," అన్నాను.